సూర్యుడి మీది తుపానుకు ముందస్తు హెచ్చరిక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

తుపాను అంటే ఏమిటో మన నెల్లూరు తీరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేస్తే పాళేల్లో పడవలు ఒడ్డుకెక్కుతాయి. అందుకు మనకు ఒకటి రెండు రోజులైనా గడువు దొరుకుతుంది. సూర్యుడి మీద రేగే ఒక రకం తుపానుకు ఆ గడువు ఉండదు.

సూర్యుడి మీద పెద్ద విస్ఫోటనం జరిగితే దాని వెలుగు 8 నిమిషాల్లో మనల్ని చేరుతుంది. ప్లాస్మా మేఘం రావడానికి సాధారణంగా 1 నుంచి 3 రోజులు పడుతుంది. అత్యధిక శక్తి గల ప్రోటాన్లు మాత్రం పదుల నిమిషాల్లోనే వచ్చేస్తాయి. భూమి మీద ఉన్న మనకు గాలి పొర, అయస్కాంత క్షేత్రం గొడుగులా కాపు కాస్తాయి. చంద్రుడి మీదికి వెళ్లినవారికి ఆ గొడుగు లేదు. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 తిరిగివచ్చింది, డిసెంబరులో అపోలో 17 బయల్దేరింది. ఆ రెండింటి నడుమ ఆగస్టులో భారీ ప్రోటాన్ల వర్షం కురిసింది. అప్పుడు చంద్రుడి మీద మనుషులు నడుస్తూ ఉంటే తీవ్రంగా జబ్బుపడేవారు.

2023 సెప్టెంబరు 2న, మొన్నటిదాకా మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండి సూర్యుణ్ణి గమనిస్తోంది. అయితే సూర్యుడి దూరంలో అది నూరో వంతే. అక్కడ ప్లాస్మా మేఘం తగిలితే మనకు అరగంటో గంటో వ్యవధి ఉంటుంది. ప్రోటాన్ల విషయంలో మిగిలేది క్షణాలే. అందుకే కొలతలు మాత్రమే చాలవు, కంప్యూటర్ నమూనాలు కావాలి.

నమూనాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి భౌతిక సమీకరణాలతో కణాల ప్రయాణాన్ని లెక్కగడుతుంది. రెండోది సూర్యమచ్చల అయస్కాంత చిత్రాలు, పాత రికార్డులు చూసి రాబోయేదాన్ని అంచనా వేస్తుంది. ఇంకో ఉపాయమూ ఉంది. ఎలక్ట్రాన్లు తేలిక కాబట్టి ప్రోటాన్ల కన్నా ముందు చేరతాయి. వాటిని పట్టుకుంటే ఒక్కోసారి గంట వరకు వ్యవధి దొరుకుతుంది.

పిల్లలూ, ఇక్కడ ఒక చిక్కు ఉంది. రోజూ "ఈవేళ తుపాను లేదు" అని చెప్పేవాడి మాట ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ నిజమే అవుతుంది. అయినా వాడివల్ల ఏ మత్స్యకారుడికీ ప్రయోజనం లేదు. పెద్ద సౌర తుపానులు కూడా అరుదే. కాబట్టి నమూనాకు నూటికి ఎన్ని మార్కులు వచ్చాయని కాదు, అసలు తుపానుల్లో ఎన్నిటిని పట్టింది, ఎన్నిసార్లు వృథాగా భయపెట్టింది అని అడగాలి. ఊరికే హెచ్చరిస్తూ ఉంటే చివరికి ఎవరూ వినరు. "ఈ 24 గంటలు బయటికి వెళ్లవచ్చు" అని ధైర్యంగా చెప్పగలగడం అన్నిటికన్నా కష్టం. వ్యోమగామికి అన్నిటికన్నా అవసరమైనదీ అదే.

2040 నాటికి చంద్రుడి మీదికి భారతీయుణ్ణి పంపాలన్నది మన దేశం పెట్టుకున్న లక్ష్యం. అప్పటికి మీకు ముప్పై ఏళ్ల లోపే. వెళ్లేవారు మీలో ఉండవచ్చు. వెళ్లవచ్చో లేదో చెప్పేవారు కూడా మీలోనే ఉండాలి. దానికి కావలసిన లెక్కలు, భౌతికశాస్త్రం ఈ బడిలోనే మొదలవుతాయి.