నికాహ్ వేరు, సర్కారు చట్టం వేరు
(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "చట్టమూ, మన కుటుంబమూ". తలాఖ్ గురించో, వక్ఫ్ గురించో చెబుతానని వచ్చినవారు కొంచెం ఓపిక పట్టాలి. నేను మాట్లాడబోయేది ఇద్దరు మగవాళ్ళో, ఇద్దరు ఆడవాళ్ళో దంపతులుగా వుంటాము, మమ్మల్ని చట్టం గుర్తించాలి అని అడుగుతుండే సంగతి. ఇది ఢిల్లీ గోల, మనకెందుకు అనవద్దు. సుప్రీంకోర్టుకు పోయిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాదువారే. 2022లో కేసు వేసినారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పినారు. పెళ్ళి హక్కుకు అయిదుగురూ ఒప్పుకోలేదు. పెళ్ళి కాకపోయినా వేరే బంధంగానైనా గుర్తించాలని ఇద్దరన్నారు, ముగ్గురు కాదన్నారు. 2025 జనవరిలో పునర్విచారణ పిటిషన్లూ కొట్టేసినారు. ఆ కేసులో జమీయతె ఉలమా-ఎ-హింద్ ఆ జంటలకు వ్యతిరేకంగా వాదించింది. అంతటి ఉలమాల ముందు నా చదువు ఏపాటిది! అయినా నాకు తోచింది చెబుతాను.

కోర్టులో నడిచింది నికాహ్ గురించి కాదు. మత చట్టాల జోలికి పోమని విచారణ మొదట్లోనే కోర్టు చెప్పింది. నడిచింది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం గురించి. ఆ చట్టం కింద ముస్లిం అమ్మాయి హిందూ అబ్బాయిని చేసుకోవచ్చు. షరీయత్ దాన్ని నికాహ్ అనదు. డెబ్బై ఏండ్లు దాటింది. ఆ పెళ్ళి నువ్వే చదివించాలని ఏ ఖాజీనైనా బలవంతపెట్టినారా? ఈజాబ్-ఖుబూల్, సాక్షులు, మెహర్ మన చేతిలోనే వున్నాయి. దక్షిణాఫ్రికాలో 2006లోనే ఇట్లాంటి చట్టం వచ్చింది. అక్కడి మసీదుల్లో నికాహ్ మారలేదు.

"మాస్టారూ, గునా కాదా?" అంటారు. ఫిఖ్హ్‌లో పెద్దలు చెప్పినదాన్ని నేను తిరగరాయడం లేదు. కానీ మనకు హరామ్ అయినదంతా దేశంలో ఎవరికీ వుండకూడదని అడుగుతామా? వడ్డీ హరామ్. బ్యాంకులు మూయించమని మనం కోర్టుకు పోయినామా? పైగా మన షరీయత్ చట్టం 1937ది. ఎక్కువమందికి నచ్చినా నచ్చకపోయినా మా ఇంటి వ్యవహారం మాకు వదలండి అని మనం అడుగుతుండాము. అదే మాట ఇంకొకరు అడిగితే చెవులు మూసుకోవడం ఏం న్యాయం?

2024 ఆగస్టులో కేంద్రం కొంత దయ తలచింది. ఇట్లాంటి జంటను రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడొచ్చు, బ్యాంకులో జాయింటు ఖాతా తెరవొచ్చు, దగ్గరి బంధువులు లేనప్పుడు మయ్యత్‌ను తీసుకోవచ్చు అన్నది. ఆ "లేనప్పుడు" దగ్గరే చిక్కంతా. ఇరవై ఏండ్లు ముఖం చూడని అన్న ఆస్పత్రికి వస్తే, అన్నేండ్లూ గంజి పోసి చూసుకున్న మనిషి వరండాలో నిలబడాల్సిందే. మయ్యత్‌కు ఇవ్వాల్సిన మర్యాద మన కౌముకు ఎవరూ నేర్పనక్కరలేదు.

మన రాష్ట్ర హైకోర్టు 2024 డిసెంబరులో, యుక్తవయసు వచ్చిన ఇద్దరు అమ్మాయిలు కలిసి వుండొచ్చు, తల్లిదండ్రులు అడ్డుపడరాదు అన్నది. కడపవాళ్ళు వింటున్నారు కాబట్టి ఒక మాట. ఉగాదినాడు మన ముస్లిములు దేవుని కడపకు పోతారు, బీబీ నాంచారి మన ఆడబిడ్డ, ఆ ఇంటి కోడలు అని. సరైన ఆచారమా కాదా పెద్దలు తేలుస్తారు. ఏ రిజిస్టరులోనూ లేని ఆ సంబంధాన్ని మాత్రం జనం నిలబెట్టుకున్నారు.

ఇంట్లో జరిగేది ఇంకా బాధ. కొడుకు నాకు పెళ్ళి వద్దంటాడు. కారణం చెప్పలేడు, చెప్పినా వినం. నికాహ్ అయితే అంతా సర్దుకుంటుందని జోడే కీ రఖమ్ తీసుకొని ఒక పేదపిల్లను తెచ్చి కట్టబెడతాం. ఆ పిల్ల ఏం పాపం చేసింది? ఏండ్లు గడిచినాక ఖులా అడిగితే నింద ఆమె మీదే. 1939 చట్టంలో ఆమెకు దారులున్నాయి. అయితే భర్త మనసు నా మీద లేదని పంచాయితీలో పదిమంది ముందు ఏ ఆడపిల్ల నోరు విప్పుతుంది? నికాహ్‌కు ఇద్దరి రజామందీ కావాలని మనమే పిల్లలకు చెబుతాం, మనమే దాన్ని మింగేస్తాం.

2025 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలో ముహ్సిన్ హెండ్రిక్స్ అనే ఇమామును కాల్చి చంపినారు. తాను ఇట్లాంటివాడినే అని బహిరంగంగా చెప్పుకున్న మనిషి. ఆయన మాటలను మొదటినుంచీ ఒప్పుకోని అక్కడి ముస్లిం జుడీషియల్ కౌన్సిల్ కూడా ఆ హత్యను ఖండించింది. ఒప్పుకోకపోవడం వేరు, మనిషికి నిలువనీడ లేకుండా చేయడం వేరు.

మన సొసైటీ పేదపిల్లల నికాహ్‌లు జరిపిస్తుంది కదా. దరఖాస్తు తీసుకునేటప్పుడు అబ్బాయినీ అమ్మాయినీ, అమ్మానాన్నలు పక్కన లేకుండా, విడివిడిగా పిలిచి పది నిమిషాలు మాట్లాడే ఏర్పాటు చేయమని కమిటీవారిని అడుగుతున్నాను. అమ్మాయిలతో మాట్లాడేదానికి ఒక టీచరమ్మ వుంటే మేలు. ఖుదా హాఫిజ్.