రెండు జాబితాల్లోనూ ఉన్నవాళ్లు

వెనక వరసల్లో నిలబడి చూస్తున్న మీ అమ్మానాన్నలకు పెద్ద నమస్కారం.

నేను లాల్‌పేట్ పిల్లనే. చంద్రపూర్ బొగ్గు బాయిల్లో పనికని వచ్చిన తెలుగు కుటుంబాల్లో మాదొకటి. నాన్న ల్యాంప్ రూములో చేసేవారు. మస్టరూ దీపాల పుస్తకమూ పక్కపక్కన పెట్టి, రెంటిలోనూ ఉన్న పేర్లకు టిక్కు కొట్టేవారు. ఒకే పేరుతో ఇద్దరుంటే టోకెన్ నంబరు చూడందే పెన్ను కదిపేవారు కాదు.

నా ఉద్యోగమంతా జాబితాలు కలిపి చూడటమే. మీరూ వాడే పైథాన్ లైబ్రరీ నంపైలో ఇంటర్‌సెక్ట్‌వన్‌డి అనే ఫంక్షన్ ఉంది కదా, రెండు అర్రేలిస్తే ఉమ్మడి విలువలు వరసలో పెట్టి ఇస్తుంది. ఏ విలువ ఏ అర్రేలో ఎన్నో స్థానంలో ఉందో మాత్రం చెప్పేది కాదు, మనమే వెతుక్కునేవాళ్లం. 2018లో 1.15 వెర్షన్‌లో రిటర్న్ ఇండిసెస్ అనే ఆప్షన్ చేర్చారు. అడిగితే స్థానాలు కూడా ఇస్తుంది, అడగకపోతే పాత జవాబే. అందుకే పాత ప్రోగ్రాములు ఒక్క అక్షరం మార్చకుండా నడిచాయి. ఆ పద్ధతంటే నాకెంతో గౌరవం.

నా బెంగ వేరే. అదే ఫంక్షన్‌లో అస్యూమ్ యునీక్ అని ఒకటుంది. ట్రూ పెడితే, ఏ అర్రేలోనూ విలువలు రెండోసారి రాలేదని మీరు మాటిచ్చినట్టు. తొందరగా అవుతుందని చూడకుండానే పెట్టేస్తున్నారు! ఒకదాంట్లో 3, 3, 5. రెండోదాంట్లో 7, 5. మీ మాట నమ్మి అది రెంటినీ ఒకచోట పోసి వరసలో పెడుతుంది: 3, 3, 5, 5, 7. పక్కపక్కన ఒకేలా ఉన్నవి ఏరుతుంది. 3, 5 ఉమ్మడి అంటుంది. రెండోదాంట్లో 3 ఎక్కడుందమ్మా? ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. ఆ అంకెలు పింఛను నంబర్లయితే, జాబితాలో లేని మనిషికి డబ్బు పోతుంది. అడిగితే కంప్యూటర్ అలా చెప్పిందంటారు. చెప్పింది మీరు నాయనా, అది విన్నది.

అర్రేలు మూడుంటే రెడ్యూస్‌తో రెండేసి చొప్పున కలుపుకుంటూ పోతారు, బాగానే ఉంటుంది. కానీ ముందు ఒక్కోదాన్నీ నంపై యునీక్‌కి ఇచ్చి పొడవు తగ్గిందేమో చూడండి. ఒక్క లైను పని. తగ్గితే ఆ ట్రూ తీసేయండి.

ఇక లేవండి, అమ్మానాన్నలతో ఫొటోలు దిగండి.