మూడంచెల దూరపు పందెము

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల నడుమ పెరిగిన పిల్లవానికి నిప్పును గూర్చి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. రాతిని, బొగ్గును పైనుండి వరుసలుగా పోయుదురు. కాలిన సున్నమును అడుగునుండి తీయుదురు. రాయి సున్నమగుటకు సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. ఆ వేడి నిదానముగా రాతి నడిబొడ్డు వరకు చేరవలెను. తొందరపడి మంట పెంచినచో పైపెచ్చు మాడిపోవును, లోపలి రాయి రాయిగనే మిగులును. అట్టి సున్నము నీరు పోసినను సరిగా ఉడకదు. కుఱ్ఱవారిని దూరపు పందెములకు తయారుచేయు పనిలో మేము నేర్చిన సంగతులు పెక్కు ఈ బట్టీలయొద్ద మొదటినుండియు ఉన్నవే. మేమే వానిని ఆలస్యముగా గుర్తించితిమి.

ట్రయాథ్లాన్ అను పందెమును గూర్చి శ్రోతలలో కొందరు వినియుందురు. మొదట ఈత, వెంటనే సైకిలు, ఆ వెంటనే పరుగు. నడుమ బట్టలు మార్చుకొను వ్యవధి సైతము పందెపు కాలములోనే చేరును. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో ప్రవేశించినది చిన్న పందెము. ఒకటిన్నర కిలోమీటరు ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. మేము చెప్పబోవునది పెద్దది. 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిలు త్రొక్కి, 42.2 కిలోమీటర్లు పరుగెత్తవలెను. సాధారణముగా దీనికి 17 గంటల గడువు. నార్కెట్‌పల్లినుండి దాచేపల్లి, పిడుగురాళ్ళ మీదుగా అద్దంకి వైపు పోవు రహదారిలో బస్సుపై ప్రయాణము చేసినవారు సైకిలు భాగమొక్కటియే ఎంతటిదో ఊహించుకొనగలరు.

ఈ పందెము 1978 ఫిబ్రవరిలో హవాయి ద్వీపములలోని ఓఆహూలో పుట్టినది. జాన్ కాలిన్స్ అను అమెరికా నౌకాదళోద్యోగి, అక్కడ అంతకుముందే ఉన్న ఈత, సైకిలు, పరుగు పోటీలను మూడింటిని ఒక్క దినమున గ్రుచ్చెను. 15 మంది బయలుదేరిరి, 12 మంది ముగించిరి. గార్డన్ హాలర్ 11 గంటల 46 నిమిషముల 58 సెకనులలో మొదటివాడుగా వచ్చెను. అయితే పరుగు ప్రారంభించునప్పటికి ముందున్నవాడు ఆయన కాదు, జాన్ డన్‌బార్. దారిలో డన్‌బార్ సహాయకులయొద్ద మంచినీళ్ళు అయిపోయినవి. వారు నీటికి బదులు బీరు అందించిరి. ఈ కథ చెప్పినప్పుడెల్ల మా కుఱ్ఱవారు నవ్వుదురు. ముందున్నవాడు నీటి కొఱతచే వెనుకబడుట మాకు మాత్రము నవ్వు పుట్టింపదు.

ఈత విషయమున మా ప్రాంతపువారికి ఒక మేలును, ఒక కీడును కలవు. నడుమునకు బెండు కట్టుకొని దిగుడుబావిలో ఈత నేర్చినవానికి లోతనిన భయముండదు. కాని పది బారలు వేయకముందే గోడ తగులును. గోడను తన్ని తిరుగుట అలవాటగును. సముద్రములో గోడ లేదు, అడుగున గీత లేదు. తల నీట ముంచి ఈదువాడు తిన్నగా పోవుచున్నాననుకొని వంకరపోవును. అందుచే ఆరేడు బారలకొకసారి మొసలివలె కన్నులు మాత్రము పైకెత్తి గుర్తు చూచుకొమ్మని నేర్పుదుము. తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మనవి. సాగరు కుడికాలువలోను, రాతి క్వారీల గుంటలలోను మేము ఎన్నడును అభ్యాసము చేయింపము. కాలువ ప్రవాహములో చేతికి పట్టు దొరకదు. క్వారీ గుంట అంచులు నిలువుగా ఉండును, లోతు తెలియదు. ఈత రాదను భయము లేనివారే వీనిలో దిగుదురు, అదియే ప్రమాదము.

మా వద్దకు వచ్చు ప్రతివాడును మొదట అడుగునది, ఎంత వేగముగా పోవలెనని. మేము మొదట నేర్పునది, ఎంత నెమ్మదిగా పోవలెనో! ప్రక్కవానితో ఆయాసము లేక ఒక పూర్తి వాక్యము మాటలాడగలిగినంత వేగమే వారములో చాల దినములు. కండలలో నిలువయుండు పిండిపదార్థము తీవ్రశ్రమకు ఇంచుమించు రెండు గంటలు వచ్చును. పందెమా, పది పదిహేను గంటలది. కావున శరీరము కొవ్వును ఇంధనముగా వాడుకొనుట నేర్వవలెను. గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తము పంపుట నేర్వవలెను. ఈ రెండును నెమ్మది పనిలోనే వచ్చును, నెలలు పట్టును. మూడు వారములు పని పెంచి, నాలుగవ వారము తగ్గింతుము. ఇది వ్రాసి ఇచ్చుట సులభమే. క్యానులు కట్టుకొని పోవు పాలవాడు సైకిలుపై తన్ను దాటిపోవుచుండగా పౌరుషము తెచ్చుకొనక ఊరకుండుట ఎంత కష్టమో త్రొక్కువానికే తెలియును.

సైకిలు దిగి పరుగు మొదలిడగానే కాళ్ళు తనవి కావనిపించును. పావుగంటలో అది సర్దుకొనును. ముందుగా పలుమారులు అనుభవించినవాడు బెదరడు. మనస్సునకు నిజమైన పరీక్ష అక్కడ కాదు. సైకిలుపై 120 కిలోమీటర్లు దాటినపుడు వచ్చును. ఆరంభపు సందడి ఎప్పుడో పోయినది, ముగింపు కనుచూపులో లేదు, చప్పట్లు కొట్టువారు లేరు. అప్పుడు మిగిలిన దూరమంతయు లెక్కించువాడు చెడును. తరువాతి మైలురాయి ఏది, తరువాతి గుక్క ఎప్పుడు, భుజములు బిగిసినవా అని మాత్రమే చూచుకొనువాడు గట్టెక్కును.

ఎండలకు పేరుపడిన రెంటచింతల మాకు దూరము కాదు. ఎండకు శరీరము అలవాటుపడుటకు పదినుండి పదునాలుగు దినములు పట్టును. చెమటతోపాటు ఉప్పు కూడ పోవును. వట్టి నీళ్ళే కడవలకొలది త్రాగినచో నెత్తుటిలోని ఉప్పు పలుచబడి మెదడు వాచి ప్రాణముమీదికి వచ్చును. ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మనీరు, అరటిపండ్లు, బెల్లము మా కుఱ్ఱవారి సంచిలో ఉండును. గంటకు సుమారు 60 గ్రాముల పిండిపదార్థము కడుపులో పడవలెను. ఆకలి వేసిన పిమ్మట తినుట ఆలస్యమే.

ఇంతయు తెలిసియు మేము చేసిన తప్పొకటి చెప్పవలెను.

1982లో హవాయిలో జూలీ మాస్ అను యువతి స్త్రీలలో అందరికంటె ముందుండి, గమ్యము కొన్ని గజములున్నదనగా కూలిపోయెను. లేచి మరల పడెను. ఇంతలో వెనుకనున్న కేథలీన్ మెకార్ట్నీ దాటిపోయి గెలిచెను. జూలీ మాస్ చేతులమీద ప్రాకి గీత దాటెను. టెలివిజన్‌లో ఆ దృశ్యము చూచిన లోకము ఈ పందెమును అప్పటినుండియే ఎరిగినది. మేమును దానిని మా కుఱ్ఱవారికి పలుమారులు చూపితిమి. దానికితోడు మాది పల్నాడు. బాలచంద్రుని పేరెత్తినచో చాలు, ఎవరును వెనుదిరుగుట ఎరుగరు. పట్టుదలను గూర్చి మేము చేసిన ఉపన్యాసములకు లెక్కలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట ఏప్రిల్ నెలలో ఒకనాడు తెల్లవారుజామున 4 గంటలకు అభ్యాసము మొదలైనది. 10 గంటలలోగా ముగియవలెను. చక్రములు రెండుమారులు పంక్చరై, 11 గంటలకు బట్టీ కార్మికుని కొడుకొకడు ఇంకను పరుగులో ఉండెను. మేము మోటారుసైకిలుపై వెంట పోవుచుంటిమి. అతని అడుగులు తడబడుచుండెను. "ఆపుతావా?" అని అడిగితిమి. "ఆపను మాస్టారూ" అనెను. మేము "శభాష్" అంటిమి.

రెండువందల గజములు పోవకముందే అతడు రోడ్డు విడిచి చేలోనికి నడిచెను. ఊరి పేరడిగిన చెప్పలేకపోయెను. ఒడలు కాలిపోవుచుండెను, అయినను చెమట పోయుచునే యుండుటచే మేము వడదెబ్బ కాదేమో అని ఒక నిమిషము తటపటాయించితిమి. చెమట ఆగినగాని వడదెబ్బ కాదనుట పొరపాటు. శ్రమవలన వచ్చు వడదెబ్బలో చెమట ఉండవచ్చును. మాట తప్పుటయే ముఖ్యమైన గుర్తు. చేలో మిరపకాయలు కోయుచున్న కూలి స్త్రీలు మాకంటె ముందు తేరుకొని, "తొట్టిలో వెయ్యండయ్యా" అని కేకవేసిరి. బోరు ప్రక్కనున్న నీళ్ళతొట్టిలో మెడవరకు ముంచి, ఒకరు తల పట్టుకొనగా, సోడాకొట్టునుండి తెచ్చిన మంచు వేసితిమి. ఇరువది నిమిషములకు అతడు తన పేరు చెప్పెను. అటు పిమ్మట ఆసుపత్రికి చేర్చితిమి. ముందు చల్లబరచుట, తరువాత తరలించుట అనునదే సరియైన వరుసయని వైద్యులు చెప్పిరి. ఆ వరుస మాకు తెలియక కాదు. ఆ క్షణమున జ్ఞాపకము చేసినవారు వేరొకరు.

సాయంకాలము అతని తండ్రి వచ్చెను. చేతులకు సున్నపు మరకలు అట్లే ఉన్నవి. కోపపడలేదు. "వాడికి తెలవలేదు మాస్టారూ. మీకూ కనపడలేదా?" అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకుండెను, నేటికిని లేదు.

ఆనాటినుండి మా పద్ధతి మారినది. వేడెక్కిన మెదడు తన్ను తాను తూచుకొనలేదు; కావున ఆపుదువా అని అడుగుట మానితిమి. ఈనాడేవారము, ఏడవ ఎక్కము చెప్పుము అని అడుగుదుము. తడబడినచో పందెము అక్కడితో సరి, వాదన లేదు. జూలీ మాస్ దృశ్యము ఇప్పటికిని చూపుదుము. ఆమె ధైర్యమును తక్కువచేయము. అయితే ఆమె చుట్టును సహాయకులు, వైద్యులు ఉండిరనియు, మిరప చేల నడుమ మనకు ఎవరును ఉండరనియు చెప్పి చూపుదుము.

ఆ కుఱ్ఱవాడు చలికాలమునకు మరల వచ్చెను. 2019నుండి గోవాలో జరుగుచున్న సగము దూరపు పందెమును అటు తరువాత ముగించెను కూడ. మాకు ఎక్కువగా జ్ఞాపకమున్నది మాత్రము అంతకుముందు ఒక మార్చి ఆదివారము. దాచేపల్లిలో నాగులేటి వంతెన దాటిన పిమ్మట అతడు తనంతట తానే సైకిలు దిగి, వేపచెట్టు నీడను కూర్చుండి, "ఇవాళ ఒంట్లో బాగాలేదు మాస్టారూ, ఇంటికి పోతా" అనెను. రెండు గ్లాసుల మజ్జిగ త్రాగి, సైకిలును ఆటోలో వేసుకొని వెడలిపోయెను. తరువాతి ఆదివారము 4 గంటలకు మేము వచ్చుసరికి అందరికంటె ముందు వచ్చి టైర్లకు గాలి కొట్టుకొనుచుండెను.