శాస్త్రం చదివిన పిల్ల సినిమా నేర్చుకుంటానంటే



మా అక్కగారి అమ్మాయి విశాఖపట్నంలో సముద్ర జీవశాస్త్రం చదువుతోంది. తీరంలో తాబేళ్ళు పెట్టే గుడ్లమీద ఆ పిల్ల పరిశోధన. మొన్న సంక్రాంతి పండక్కి ఇంటికొచ్చి, భోజనాల దగ్గర, "నేనో పదిహేను రోజులు సినిమా తీయడం నేర్చుకోడానికి వెళ్తానమ్మా" అంది. అంతే! మా బావగారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎమ్మెస్సీ దాకా చదివించింది ఇందుకా?" అన్నారు. అక్కయ్య నావంక చూసింది, నువ్వయినా చెప్పవే అన్నట్టు.

నిజం చెప్పొద్దూ, నాకూ అప్పటికేమీ తెలీదు. సినిమా అనగానే మన కళ్ళముందు కదిలేవి వేరు కదా! తీరా కనుక్కుంటే అది వేషాలు వేయడం నేర్పే చోటు కాదు. శాస్త్రం చదివినవాళ్ళనీ, కెమెరా పట్టినవాళ్ళనీ ఇద్దరిద్దరిని జోడీ కట్టి, ఒక పిట్ట గురించో, ఒక చెరువు గురించో కలిసి చిన్న చిత్రం తీయమంటారట. పెళ్ళిచూపులు లేని పెళ్ళి లాంటిదన్నమాట. మొదటి నాలుగు రోజులూ ఒకరి మాట ఒకరికి అర్థం కాదని అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు దీనితో చెప్పారట.

ఇంతకీ ఆ పెళ్ళి అవసరమేమిటి? మా ఇంట్లోనే చూశాను. ఆ మధ్యాహ్నం మా అమ్మ మనవరాలిని దగ్గర కూచోబెట్టుకుని, "అసలేం చదువుతున్నావే?" అనడిగింది. "ఉష్ణోగ్రతను బట్టి లింగ నిర్ధారణ, అమ్మమ్మా" అని మొదలెట్టింది పిల్ల. మా అమ్మ రెండుసార్లు తలూపి, తమలపాకు ఈనెలు తీసుకోవడంలో పడిపోయింది. తప్పు అమ్మదా, పిల్లదా?

అమెరికాలో ర్యాండీ ఓల్సన్ అని ఒకాయన ఉన్నారు. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రం ఆచార్యుడు. తీసెయ్యడానికి వీల్లేని పక్కా ఉద్యోగం. దాన్ని 1994లో వదిలేసి, కాలిఫోర్నియా వెళ్ళి సినిమా బళ్ళో విద్యార్థిగా చేరాడు. మా బావగారు వింటే ఆయన్ని కూడా కేకలేసేవారు. శాస్త్రజ్ఞులు చెప్పే తీరు ఎందుకు జనానికి ఎక్కదో ఆయన తరువాత పుస్తకాలు రాశాడు. వాళ్ళు "ఇదీ ఉంది, అదీ ఉంది, ఇంకోటీ ఉంది" అంటూ పోతారట. చాకలి పద్దు చదివినట్టు. ఆ వరసలో ఒక "కానీ" పడాలి, దాని వెనక ఒక "అందుకని" రావాలి, అప్పుడే వినేవాడి చెవి ఇటు తిరుగుతుందంటాడు. ఇందులో కొత్తేముంది, కూరలబండి దగ్గర మనం రోజూ చేసేదే ఇది అనిపించింది నాకు. "బెండకాయలు బావున్నాయి, లేతగానూ ఉన్నాయి, కానీ నిన్నటికంటే పది రూపాయలు ఎక్కువ చెప్తున్నావు, అందుకని పావుకిలో చాలు."

"అలా చెప్పు అమ్మమ్మకి" అన్నాను. పిల్ల కాసేపు ఆలోచించి మళ్ళీ మొదలెట్టింది. "సముద్రపు తాబేలు రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసకలో గుంట తవ్వి, సుమారు వంద గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది అమ్మమ్మా. వాటిని పొదిగేది తల్లి కాదు, ఇసక వేడి. కానీ ఇసక మరీ వేడెక్కితే పుట్టేవి దాదాపు అన్నీ ఆడపిల్లలే. అందుకని, ఎండలు ఇలాగే ముదిరిపోతుంటే రేపు వాటికి జతగాళ్ళు ఎక్కణ్ణించి వస్తారా అని నేను ఇసకలో వేడి కొలిచి చూస్తున్నాను." మా అమ్మ తమలపాకు పక్కన పెట్టేసింది. "అన్నీ ఆడపిల్లలేనా!" అంది.

ఇక కెమెరా పట్టినవాళ్ళ సంగతి. వాళ్ళకి కథ చెప్పడం వచ్చు, ఒక్కోసారి మరీ ఎక్కువగా వచ్చు. 1958లో డిస్నీ వారి "వైట్ వైల్డర్నెస్" అనే చిత్రం వచ్చింది. మంచుదేశాల్లో లెమింగులని ఎలుకల్లాంటి చిన్న ప్రాణులున్నాయి. అవి మందలుగా పరుగెత్తి కొండకొమ్ము మీంచి నీళ్ళల్లో దూకుతున్నట్టు అందులో చూపించారు. దానికి ఆస్కారూ వచ్చింది. కెనడా టెలివిజన్ వాళ్ళు 1982లో ఆరా తీస్తే తేలిందేమిటయ్యా అంటే, లెమింగులే లేని చోటికి వాటిని కొని తెచ్చి, మనుషులే కిందికి తోసి ఆ దృశ్యం తీశారని! ఆ జీవాలు గుంపుగా వలస పోతాయి గాని చావాలని దూకవు. అయినా ఆ అబద్ధం ఇప్పటికీ ప్రపంచమంతా సామెతలా తిరుగుతూనే ఉంది. పక్కన "అయ్యా, ఇది ఇలా జరగదు" అనగల శాస్త్రజ్ఞుడుండి, ఆయన మాట వినే అలవాటు దర్శకుడికి ఉంటే ఆ దృశ్యం తీసేవాళ్ళు కారు.

ఈ రెండు విద్యలూ కలిస్తే ఏమవుతుందో మనదేశంలోనే గుజరాత్ తీరంలో చూడొచ్చు. అక్కడి సముద్రానికి తిమింగలపు సొర అనే చేప వస్తుంది. పేరు చూసి భయపడకండి. 40 అడుగుల దాకా పెరుగుతుంది గాని, తినేది నీళ్ళలో తేలే నలుసంత జీవాలను. చేపలన్నిటిలోకీ పెద్దది ఇదే. దాని కాలేయంలోంచి తీసిన నూనెను పడవలకు పూసేవారు, మాంసం విదేశాలకు పోయేది. కొక్కెం గుచ్చి, తాడుకు పీపాలు కట్టి అలిసిపోయేదాకా వదిలేవారు గనక ఆ చేపకు "బ్యారెల్" అనే పేరొచ్చింది. చూడండి, ప్రాణికి పీపా పేరు! మైక్ పాండే అనే దర్శకుడు ఆ వేట మీద 2000 సంవత్సరంలో "షోర్స్ ఆఫ్ సైలెన్స్" అనే చిత్రం తీశారు. ఎర్రబడిన నీళ్ళు చూసినవాళ్ళు మరిచిపోలేదు. 2001లో ప్రభుత్వం ఆ చేపను వన్యప్రాణి రక్షణ చట్టంలో పులికీ ఏనుక్కీ ఉన్న వరుసలోనే చేర్చింది. మనదేశంలో ఒక చేపకు అలాంటి రక్షణ రావడం అదే మొదలు.

చట్టం కాగితం మీద వచ్చింది, సరే. వేటగాడి ఇంట్లో పొయ్యి వెలగాలి కదా? 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా వారు తీరగ్రామాలకు వెళ్ళినప్పుడు, రామకథ చెప్పే మొరారి బాపుగారిని వెంటబెట్టుకున్నారు. ఆయన ఒక్క మాటన్నారు: ఇది పురుడు పోసుకోడానికి పుట్టింటికొచ్చిన ఆడపడుచు అని. "వ్హాలీ", అంటే ప్రియమైనది, అని కొత్త పేరు నిలిచింది. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతుల గురించి ఊరివాళ్ళు అనుకునే మాటా ఇదే, మా ఆడపిల్లలు పురుటికొచ్చారని. ఎక్కడి గుజరాత్, ఎక్కడి తేలినీలాపురం! తల్లులున్న చోటల్లా ఈ మాట పుడుతుంది కాబోలు.

అయితే ఇక్కడో చిన్న పేచీ ఉంది, మా అమ్మాయే చెప్పింది. ఆ చేప గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. 1995లో తైవాన్ దగ్గర దొరికిన ఒక ఆడచేప కడుపులో సుమారు 300 పిల్లలున్నాయి. కానీ గుజరాత్‌కి పురిటికే వస్తోందని శాస్త్రజ్ఞులు గట్టిగా తేల్చి చెప్పలేదు. బాపుగారి మాట మంచిదే, దానివల్ల ప్రాణాలు నిలిచాయి. శాస్త్రజ్ఞుడి సందేహమూ అంత అవసరమే. రెంటినీ ఒకే చిత్రంలో ఎలా పెట్టాలన్నదే ఆ పదిహేను రోజుల చదువులో అసలు కష్టమట.

గుజరాత్‌లో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. వలలో చేప పడితే వల కోసి వదిలెయ్యాలి. ఆ వలకి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. కానీ వదిలినట్టు సాక్ష్యమేదీ? అధికారి వచ్చి చూసేదాకా చేప బతికుండొద్దూ? అందుకని జాలర్లకే నీళ్ళలో తడిసినా పాడవని కెమెరాలిచ్చి ఫోటో తీయడం నేర్పారు. కొక్కెం పట్టిన చేతులే కెమెరా పట్టుకున్నాయి.

అస్సాంలో తేజ్‌పూర్ ఊళ్ళో "గ్రీన్ హబ్" అని ఉంది. రీటా బెనర్జీ అనే దర్శకురాలు 2015లో మొదలుపెట్టారు. ఈశాన్య రాష్ట్రాల్లో అడవి మాంసం వేట మీద ఆవిడ తీసిన చిత్రానికి 2010లో బ్రిస్టల్‌లో పాండా బహుమతి వచ్చింది. ఎనిమిది రాష్ట్రాల కుర్రవాళ్ళనీ ఆడపిల్లలనీ ఏడాదికి ఇరవైమంది చొప్పున తీసుకుని, తమ ఊరి అడవిని తామే చిత్రించడం నేర్పే చోటది.

ఇవన్నీ రెండు రోజులపాటు విడతలు విడతలుగా బావగారి చెవిన వేశాం. ఆయన పలకలేదు. మూడోనాటి సాయంత్రం పిల్ల తన ఫోనులో నాలుగు నిమిషాల చిత్రం చూపించింది. రాత్రి ఇసక మీద తాబేలు గుడ్లు పెడుతోంది. తెల్లని దీపం వేస్తే అది బెదిరి వెనక్కి పోతుందని మసక ఎర్రదీపంతో దూరం నుంచి తీసిందట. సగం చీకటే. తరువాత, గుంటలోంచి పైకొచ్చిన పిల్లలు, సముద్రం వైపు వెళ్ళవలసినవి, రోడ్డుమీది దీపాల వైపు పాకుతున్నాయి. అక్కడితో ఆగిపోయింది.

"తరవాతేమైంది?" అన్నారు బావగారు.

"అప్పుడు నేను ఫోను పక్కన పడేసి వాటిని బుట్టలో ఏరుకున్నాను నాన్నా. అందుకే లేదు. పక్కన ఇంకొకళ్ళుంటే వాళ్ళు తీసేవాళ్ళు."

బావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, శిక్షణకి రుసుం ఎంతని అడిగారు.