ఇల్లు చూసే ముందు బడి దారి చూడండి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, డి.ఆర్. బకాయిల గురించో హెల్త్ కార్డుల గురించో మాట్లాడతానని అనుకున్నారు కాబోలు. ఆ విషయాలు నాకన్నా బాగా చెప్పగలవారు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. నేను ఇంటి విషయం ఒకటి మనవి చేస్తాను. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పుడు ఇదే చర్చ. కొడుకో కూతురో ఉంటారు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఇంట్లో చిన్న పిల్లలు. శివార్లలో ఎక్కడ ఇల్లు తీసుకోవాలి, పిల్లల్ని ఏ బడిలో వేయాలి అని మనల్ని సలహా అడుగుతారు. అడగకపోయినా మనం చెప్తాం, అది వేరే సంగతి.

1973లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. విద్యావేత్తను కాను. ఈ విషయం మీద మాట్లాడడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఇందులో నేనొక పెద్ద పొరపాటు చేశాను. ముందు అది చెప్పి, తరువాత మిగతా సంగతులకు వస్తాను.

1985లో కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఎల్.ఐ.జి. ఇల్లు వాయిదాల మీద తీసుకున్నాం. అప్పట్లో అది ఊరి చివర. బొంబాయి రోడ్డు మీద బస్సు దిగి నడిచి వెళ్ళేవాళ్ళం. మనలాంటి కాలనీల్లో ఇళ్ళు ముందు వచ్చాయి, మంచి బడులు చాలా ఆలస్యంగా వచ్చాయి. అదే బి.హెచ్.ఇ.ఎల్. టౌన్‌షిప్ చూడండి, క్వార్టర్లతో పాటు బడి కూడా ఉండాలని ముందే ఆలోచించారు. మనకా వసతి లేదు.

మా అబ్బాయి నాలుగో తరగతికి వచ్చేసరికి, ఆఫీసులో పక్క సీటాయన కొడుకు చదివే పేరున్న బడి ఒకటి నా కంట్లో పడింది. అది నగరం మధ్యలో ఉంది. ఎవరెవరినో పట్టుకుని సీటు సంపాదించాను. ఆ రోజు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాను. పిల్లవాడు రెండు బస్సులు మారాలి. ఉదయం ఆరున్నరకు బయలుదేరితే ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు దాటేది. వాడికప్పుడు తొమ్మిదేళ్ళు.

ఏడో తరగతిలో మార్కులు తగ్గాయి. కేకలేశాను. రెండుసార్లు చెయ్యి కూడా చేసుకున్నాను. మా ఆవిడ ఏదో చెప్పబోతే, "నీకు తెలియదు, ఊరుకో" అన్నాను.

2019లో ఇంటికి సున్నం వేయిస్తూ పాత ట్రంకు పెట్టె దించాం. అడుగున అబ్బాయి ప్రోగ్రెస్ కార్డులున్నాయి. ఏడో తరగతి కార్డులో రిమార్కుల గడిలో మూడు చోట్ల ఒకటే మాట ఉంది, "తరగతిలో నిద్రపోతున్నాడు" అని. మూడింటి కిందా నా సంతకం ఉంది. ఫైలులో ఒక ఇనీషియల్ లేకపోతే వెనక్కి పంపేవాణ్ణి నేను. ముప్ఫై అయిదేళ్ళు ఇతరులు రాసిన రిమార్కులు చదివి జీతం తీసుకున్నాను. మా అబ్బాయి కార్డులో మార్కులు మాత్రం చూసి సంతకం పెట్టాను.

అబ్బాయి ఇప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్నాడు. బాగానే ఉన్నాడు. ఫోన్ చేసి, "ఏరా, ఆ బడి వల్ల నీ చదువు పాడైందా?" అని అడిగాను. "చదువు సంగతి కాదు నాన్నా. సాయంత్రం మన కాలనీలో అందరూ క్రికెట్ ఆడేవాళ్ళు. నేను బస్సు దిగి వచ్చేసరికి స్టంపులు పీకేస్తుండేవాళ్ళు" అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక అమ్మాయి విషయానికి వస్తాను. 2024లో మనవడిని ఒకటో తరగతిలో వేయవలసిన సమయం దగ్గర పడింది. అల్లుడిది గచ్చిబౌలిలో ఉద్యోగం, అమ్మాయిది మాదాపూర్‌లో. "నాన్నా, మాకు శని, ఆదివారాలు తప్ప తీరిక లేదు, నువ్వే చూసిపెట్టు" అంది. ఫుల్‌స్కేప్ కాగితం మీద గళ్ళు గీశాను. కొల్లూరు వైపు ఒకటి, నిజాంపేట – బాచుపల్లి వైపు ఒకటి, లింగంపల్లి – నల్లగండ్ల వైపు ఒకటి. మొత్తం మూడు చోట్లు. చేతి గడియారం పెట్టుకుని రెండు నెలలు తిరిగాను. అలా తిరిగి నేర్చుకున్నవి వరసగా చెప్తాను. మీరు వరంగల్లులో ఉన్నా విశాఖలో ఉన్నా చాలావరకు ఇవి పనికొస్తాయి.

మొదటిది, దారి. ఇల్లు అమ్మేవారు మనల్ని ఆదివారం పూట తీసుకెళ్తారు. "బడి పది నిమిషాలే సార్" అంటారు. ఆదివారం అది నిజమే. సోమవారం ఉదయం ఏడున్నరకు వెళ్ళి చూడండి. ఒక చోట బడి దూరం తొమ్మిది కిలోమీటర్లే. కానీ బస్సు అపార్టుమెంటు గేటు గేటుకీ ఆగుతూ వెళ్తుంది. మొదట ఎక్కిన పిల్లవాడు బడి చేరడానికి 55 నిమిషాలు పట్టింది. రానూపోనూ దాదాపు రెండు గంటలు. ఆరేళ్ళ పిల్లవాడికి అది ఆటల సమయమంతా.

చట్టం చేసినవారు కూడా ముందు దూరమే చూశారు. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్రం అదే సంవత్సరం చేసిన నియమాల ప్రకారం, ఒకటి నుంచి అయిదు తరగతుల బడి ఇంటికి కిలోమీటరు లోపు నడక దూరంలో ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది తరగతులకైతే మూడు కిలోమీటర్ల లోపు. ప్రభుత్వం బడులు పెట్టడానికి పెట్టుకున్న కొలత అది. మనం ఇల్లు వెతకడానికి కూడా అదే కొలత పనికొస్తుంది. ఆ దూరంలో ప్రభుత్వ బడి ఉంటే దాన్ని కూడా ఒకసారి లోపలికి వెళ్ళి చూడండి. మనమంతా అలాంటి బడుల్లో చదివే ఉద్యోగాలు చేశాం.

రెండవది, కాగితాలు. ఇది మన శాఖ పని. "సి.బి.ఎస్.ఇ. సిలబస్" అని బోర్డు మీద రాయడం వేరు, ఆ బోర్డు గుర్తింపు ఉండడం వేరు. గుర్తింపు నంబరు అడగండి. సి.బి.ఎస్.ఇ. వారి వెబ్‌సైట్‌లో అది ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం వరకు ఉందో కనిపిస్తుంది. మీకు రాకపోతే మనవడిని అడిగితే క్షణంలో చూసిపెడతాడు. స్టేట్ సిలబస్ బడి అయితే విద్యాశాఖ గుర్తింపు ఉత్తర్వు అడగండి. చూపించడానికి విసుక్కునే బడికి దూరంగా ఉండడం మంచిది.

ఒక బడిలో మా మనవడికి పరీక్ష పెడతామన్నారు, అమ్మానాన్నలకు ఇంటర్వ్యూ అన్నారు. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లలను గానీ తల్లిదండ్రులను గానీ వడపోయకూడదు. అలా చేస్తే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా ఉంది. కేపిటేషన్ ఫీజు వసూలు చేస్తే, తీసుకున్న దానికి పదింతల వరకు. మన పిల్లలకు ఈ సంగతి తెలియక పరీక్షకు ట్యూషన్ పెట్టిస్తున్నారు.

మూడవది, లోపలి సంగతి. గ్రానైట్ గోడలు, ఏ.సి. గదులు చూసి రావద్దు. ఎంతమంది పిల్లలకు ఒక టీచరో అడగండి. చట్టం అయిదో తరగతి దాకా 30 మందికి ఒకరు, ఆరు నుంచి ఎనిమిదికి 35 మందికి ఒకరు అంటుంది. ఆటస్థలం, గ్రంథాలయం, ఆడపిల్లలకు మగపిల్లలకు వేరు మరుగుదొడ్లు, మంచినీళ్ళు కూడా చట్టంలోని షెడ్యూలులోనే ఉన్నాయి. టీచర్లు ఎన్నేళ్ళుగా పని చేస్తున్నారో అడగండి. ఏటా మారిపోతుంటే కారణం ఏదో ఉంటుంది. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం ఏ బోర్డు బడి అయినా తెలుగు చెప్పి తీరాలి. అది ఎలా చెప్తున్నారో చూడండి. మన సంచికను మన మనవలు చదవగలగాలి కదా!

అన్నిటికన్నా మంచి ఉపాయం మా ఆవిడ చెప్పింది. బడి వదిలే వేళకు గేటు బయట నిలబడమంది. పిల్లలు అరుచుకుంటూ వస్తున్నారా, తలలు వేలాడేసుకుని వస్తున్నారా చూడమంది. అక్కడ ఆయాలు, ఆటోవాళ్ళు, పక్కనున్న కిరాణా కొట్టాయన చెప్పే మాటలు బడివారు అచ్చు వేసిన పుస్తకంలో ఉండవు.

నాలుగవది, ఫీజు. మొదటి సంవత్సరం ఫీజు చూసి నిర్ణయించకండి. గత మూడేళ్ళలో ఎంత పెరిగిందో అడగండి. ఏటా 10 శాతం చొప్పున పెరిగితే, ఒకటో తరగతిలో లక్ష రూపాయలు పదో తరగతికి వచ్చేసరికి 2,35,000 దాటుతుంది. బస్సు, పుస్తకాలు, యూనిఫారం అదనం. ఇద్దరు పిల్లలుంటే రెండుతో గుణించండి. మన డి.ఆర్. అలా పెరగదని మీకు నేను చెప్పనక్కరలేదు. (నవ్వులు)

అయిదవది, ఇల్లు. 2016లో రెరా చట్టం వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం మీద గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే కొత్త ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు లేకుండా రూపాయి కూడా ఇవ్వవద్దు. 2020 అక్టోబరు వర్షాలకు మన నగరంలో ఎన్ని కాలనీలు మునిగాయో చూశాం. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల ఎఫ్.టి.ఎల్. అనే మాట అందరి నోటా వినిపించింది. చెరువు హద్దు ఎక్కడిదాకా ఉందో, నాలా ఎటు పోతుందో ముందే విచారించండి. ఇల్లు వానాకాలంలో ఒకసారి, మే నెలలో ఒకసారి చూడాలి. వానాకాలంలో ఎన్ని నీళ్ళు నిలుస్తాయో, మేలో ఎన్ని ట్యాంకర్లు వస్తాయో తెలుస్తుంది.

కొల్లూరు వైపు ఒక పెద్ద టవరులో ఫ్లాటు అల్లుడికి బాగా నచ్చింది. "మామయ్య గారూ, స్విమ్మింగ్ పూల్ ఉందండి, క్లబ్ హౌస్ ఉందండి" అన్నాడు. నిజంగానే బాగుంది. అయితే అక్కడినుంచి వాళ్ళనుకున్న బడికి వెళ్ళేదే నేను చెప్పిన 55 నిమిషాల బస్సు. "బాబూ, పిల్లవాడు ఇంటికి వచ్చేసరికి ఆ పూల్ మూసేస్తారేమో కనుక్కున్నావా?" అన్నాను. ఆలోచనలో పడ్డాడు.

ఇక్కడ నా తప్పు మరొకటి చెప్పుకోవాలి. ఆ ఫ్లాటుకు డబ్బు తక్కువైతే, మా కూకట్‌పల్లి ఇల్లు అమ్మి ఇస్తానని నేనే అనేశాను. కూతురి మీద ప్రేమ, దాని వెనక అబ్బాయి విషయంలో చేసిన తప్పు దిద్దుకోవాలనే ఆరాటం. మా ఆవిడ అందరి ముందూ అంది, "ఇల్లు అమ్మితే రేపు మనం ఎక్కడుంటాం? బడి పక్కన ఏడాది అద్దెకుండమనండి. బడి నచ్చకపోతే ఇల్లు మారవచ్చు. కొనుక్కున్నాక మారగలరా?" ఈసారి "నీకు తెలియదు, ఊరుకో" అనలేదు.

చివరకు లింగంపల్లి వైపు ఒక మామూలు అపార్టుమెంటులో అద్దెకు దిగారు. బడికి పెద్ద పేరు లేదు. ఆటస్థలం ఉంది. గుర్తింపు కాగితాలు సరిగ్గా ఉన్నాయి. ఇంటి నుంచి నడిస్తే పదకొండు నిమిషాలు. అల్లుడికి ఆఫీసు దూరం కొంచెం పెరిగింది. "నేను పెద్దవాణ్ణి, ట్రాఫిక్‌లో నేను కూర్చుంటాను లెండి" అన్నాడు. ఆ మాటకు అతని మీద నాకు గౌరవం పెరిగింది.

పేరున్న బడులన్నీ చెడ్డవని నేననడం లేదు. అది మీ వీధి చివరే ఉంటే నిస్సందేహంగా వేయండి. ఆ పేరు కోసం పిల్లవాడి ఉదయాలూ సాయంత్రాలూ బస్సుల్లో పోనివ్వవద్దనే నా మనవి. సొంత ఇల్లు అమ్మి, ఉన్న డిపాజిట్లు తీసి ఇచ్చేయడం మన బాధ్యత అనుకోవద్దు. పనిదినం ఉదయం ఖాళీగా ఉండేది ఇంట్లో మనమే. వెళ్ళి దారి చూసి, గేటు దగ్గర నిలబడి, కాగితాలు అడిగి, నోట్ పుటప్ చేయండి. ఆర్డరు మాత్రం వాళ్ళనే వేయనివ్వండి.

మొన్న సాయంత్రం అమ్మాయి ఇంటికి వెళ్ళాను. అయిదు గంటలైంది, మనవడు ఇంట్లో లేడు. కింద ఆడుకుంటున్నాడు. పిలిస్తే, "తాతయ్యా, ఇంకొక్క ఓవర్" అన్నాడు. సరే కానివ్వమని మెట్ల మీద కూర్చున్నాను. ఆ సంగతి ఆ రాత్రే పుణెకు ఫోన్ చేసి మా అబ్బాయికి చెప్పాను.