మొదటి అసిస్టెంట్‌ని పెట్టుకుంటున్నారా? నేను చేసిన తప్పు మీరు చేయకండి

"అన్నా, చిన్న బిజినెస్ మొదలుపెట్టా, ఒక్కడి వల్ల కావట్లేదు, మనిషిని పెట్టుకోవాలా?" అని చాలామంది అడుగుతున్నారు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం. ముందు నా కథ చెప్తా, ఎందుకంటే ఈ విషయంలో నేను మొదట ఘోరంగా ఫెయిలయ్యాను.

ఉద్యోగం మానేసి విజయవాడ వచ్చాక, ఈ ఛానెల్‌తో పాటు షాపులకి యాడ్ వీడియోలు కూడా చేయడం మొదలుపెట్టా. షూటింగ్, ఎడిటింగ్, క్లయింట్ల ఫోన్లు, బిల్లులు... అన్నీ నేనే. నిద్ర లేదు. ఒక రోజు విసుగొచ్చి, తెలిసినవాళ్ల అబ్బాయిని నెలకి 12 వేలకి పెట్టేసుకున్నా. పనేంటి అని అడిగితే "అన్నీ చూసుకోవాలి తమ్ముడూ" అన్నా.

ఆ "అన్నీ"లో ఏమున్నాయో నాకే తెలీదు! పొద్దున మెమరీ కార్డులు కాపీ చేయమనేవాణ్ణి, మధ్యాహ్నం కరెంటు బిల్లు కట్టి రమ్మనేవాణ్ణి, రాత్రి 11 గంటలకి ఫోన్ చేసి థంబ్‌నెయిల్ మార్చమనేవాణ్ణి. మొదటి నెల జీతం, క్లయింట్ డబ్బులు రాలేదని, తర్వాతి నెల 19న ఇచ్చా. మర్నాడే మానేశాడు. వెళ్తూ ఒక మాటన్నాడు: "పని కష్టమని కాదన్నా. రేపు ఏం చేయాలో తెలీదు, జీతం ఎప్పుడొస్తుందో తెలీదు." సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా మేనేజర్ గురించి నేను టీ కొట్టు దగ్గర తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చాయి. నేనూ అదే చేశా కదా!

రెండోసారి ఏం మార్చానో చెప్తా.

మొదటిది, రాసుకున్నా. రెండు వారాలు నేను చేసిన ప్రతి పనీ, పట్టిన టైమూ నోట్‌బుక్‌లో రాశా. తర్వాత మూడు భాగాలు చేశా: నేనే చేయాల్సినవి, నేర్పిస్తే ఇంకొకరు చేయగలిగేవి, అసలు చేయకపోయినా నష్టం లేనివి. రెండో భాగం వారానికి 22 గంటలు తేలింది. అంటే నాకు కావాల్సింది రోజంతా ఉండే మనిషి కాదు, రోజుకి నాలుగు గంటలు చేసే మనిషి. ఇది ముందే చూసుకుని ఉంటే ఆ అబ్బాయి అంత ఇబ్బంది పడేవాడే కాదు.

రెండోది డబ్బు. మనిషిని పెట్టుకునే ముందే మూడు నెలల జీతం వేరే అకౌంట్‌లో పెట్టండి. నెలకి 10 వేలు అనుకుంటే 30 వేలు. అది లేకపోతే ఇంకొన్నాళ్లు ఆగండి. చట్టం ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. మన క్లయింట్ ఇవ్వలేదు అన్నది మన బాధ, వాళ్ల ఇంటి అద్దె దానికోసం ఆగదు. మీ పనికి కనీస వేతనం ఎంతో కార్మిక శాఖ దగ్గర చూసుకోండి. ఈఎస్ఐ మామూలుగా 10 మంది, పీఎఫ్ 20 మంది ఉన్న చోట మొదలవుతాయి కాబట్టి ఒక్కరి కోసం కంగారుపడొద్దు. షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ రిజిస్ట్రేషన్ మీకు అవసరమో కాదో చూసుకోండి, వారానికో సెలవు మాత్రం మర్చిపోవద్దు.

మూడోది, ఇంటర్వ్యూ కాదు, ఒక రోజు పని. డబ్బులిచ్చే చేయించా. డిగ్రీ చదివే ఒకమ్మాయికి 30 క్లిప్పులిచ్చి పేర్లు పెట్టమన్నా. పది నిమిషాలకి వచ్చి, "సార్, ఒకే క్లిప్‌లో రెండు షాట్లుంటే ఏ పేరు పెట్టాలి?" అంది. అంతే, ఫిక్సయిపోయా. తెలీనిది దాచకుండా అడిగే మనిషి దొరికితే సగం పని అయిపోయినట్టే.

నాలుగోది, ఒప్పుకున్నది రాసి పెట్టండి. వాట్సాప్ మెసేజ్ అయినా చాలు: ఏ పనులు, ఏ టైమ్, జీతం ఎంత, ఏ తేదీ, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. సర్టిఫికెట్ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోవడం లాంటివి చేయకండి.

ఐదోది, పాస్‌వర్డ్‌లు. యూట్యూబ్ స్టూడియోలో పర్మిషన్స్ అని ఉంటుంది. అక్కడ వాళ్ల మెయిల్ ఐడీ కలిపితే మీ పాస్‌వర్డ్ ఇవ్వకుండానే పని జరుగుతుంది, మానేస్తే తీసేయొచ్చు. యూపీఐ పిన్ ఎవరికీ ఇవ్వొద్దు. ఇది నమ్మకం లేక కాదు, రేపు లెక్క తేడా వస్తే వాళ్ల మీద అనుమానం రాకుండా ఉండటానికి.

ఇంకో మాట. మొదటి నెల మీ పని తగ్గదు, నేర్పించాలి కాబట్టి పెరుగుతుంది. "ఈ లోపు నేనే చేసేసుకోవచ్చు" అనిపిస్తుంది. ఓపిక పట్టండి. ఒక్కసారి స్క్రీన్ రికార్డ్ చేసి ఇస్తే మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేదు.

చివరగా, ఆ అబ్బాయి సంగతి. మానేసిన నెలలో 20 రోజుల జీతం నేను బాకీ. మానేశాక రెండు పని రోజుల్లో ఇవ్వాలని అప్పట్లో నాకు తెలీదు, నెల తర్వాత ఇచ్చా. మొన్న ఫోన్ చేసి సారీ చెప్పా. "పర్లేదన్నా" అన్నాడు. కానీ పర్లేదు కాదని నాకు తెలుసు.

మీరు పెట్టుకోబోయే మనిషికి ఇచ్చే మొదటి మూడు పనులేంటో కామెంట్‌లో రాయండి. రాయలేకపోతే ఇంకా టైమ్ రాలేదని అర్థం. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!