పాత ట్రాక్టర్‌కి కొత్త టైమింగ్ గేరు

1960లో మద్రాసులో టాఫే ట్రాక్టర్ల కంపెనీ మొదలయ్యాక మన పొలాల్లోకి వచ్చిన మాసీ ఫెర్గూసన్ పాత బండ్లు కొన్ని ఇంకా దున్నుతూనే ఉన్నాయి. టైమింగ్ గేరు విరిగిందని వాటిని తుక్కుకి వేయొద్దని నా మనవి.

ఇంజన్ ముందు మూత వెనక టైమింగ్ గేర్లుంటాయి. క్రాంక్ 2 చుట్లు తిరిగితే వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ 1 చుట్టు తిరగాలి. పళ్లు విరిగి ఈ లెక్క తప్పితే వాల్వులు పిస్టన్‌కి తగలొచ్చు.

విరిగిన ముక్క సాధారణంగా ఆయిల్ సంపులో పడుతుంది. అది దొరకందే ఇంజన్ మూయొద్దు. జత గేర్ల పళ్లను వేలితో తడమండి, గాటు తగిలితే అవీ మార్చాల్సిందే. మొదటి పిస్టన్‌ని పైకి తెచ్చి, గేర్ల మీది గుర్తులు ఎదురెదురుగా కలిపి బిగించండి. తర్వాత ఇంజన్‌ని చేత్తో 2 చుట్లు తిప్పండి. ఎక్కడా పట్టేయకూడదు. అప్పుడు మధ్యలో ఉండే ఐడ్లర్ గేరు గుర్తు పక్కకి జరిగి కనిపిస్తే కంగారు పడకండి, దాని పళ్ల లెక్క వేరు.